పెరట్లో ఏది పెట్టాలి? నల్లగొండ, పాలమూరు ఇళ్లకు నీళ్లను బట్టి ఎంపిక

మిరుగు పడగానే నర్సరీకి పోయి, సంచిలోనే కాయ వేలాడుతున్న మొక్కను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటాం. జూన్ నుంచి జనవరి దాకా అది బాగానే ఉంటుంది. మార్చిలో ఆకుల అంచులు మాడతాయి, ఏప్రిల్‌లో కొసలు ఎండుతాయి, రోహిణి కార్తె దాటేసరికి పుల్ల మిగులుతుంది. ఎరువు చాలలేదని కొందరు, చెయ్యి మంచిది కాదని కొందరు అనుకుంటారు. మన దగ్గర చాలాసార్లు అసలు కారణం నీళ్లు. మే నెలలో అవి ఎన్ని ఉంటాయి, వాటిలో ఉప్పు ఎంత? ఈ రెండూ తేలకుండా జామ మంచిదా నిమ్మ మంచిదా, నేల మంచిదా డాబా మంచిదా అని ఎంత పోల్చుకున్నా లాభం లేదు. అందుకే ఇక్కడ పోలికంతా నీళ్ల నుంచే మొదలవుతుంది.

ముందు నీళ్ల లెక్క

బోరు నీళ్లలో ఉప్పు ఎంతుందో చూడటానికి ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. పెన్ను సైజులో ఉండే టీడీఎస్ మీటర్ చాలు. వాటర్ ఫిల్టర్లు బాగుచేసే దుకాణంలో అడిగినా చూసి చెబుతారు. సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చిన హద్దులు ఇంటి తోటకూ పనికొస్తాయి. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే దాదాపు ఏ పంటకైనా ఇబ్బంది లేదు. 450 నుంచి 2000 మధ్య ఉంటే పంటను ఏరుకోవాలి. 2000 దాటితే ఉప్పును ఓర్చుకునే కొన్ని రకాలతోనే సరిపెట్టుకోవాలి. కొలవడం మాత్రం ఏప్రిల్ చివర్లో కొలవండి. వానలు పడ్డాక అక్టోబరులో 700 చూపిన బోరే, ఎండాకాలంలో నీటిమట్టం దిగాక వెయ్యి దాటొచ్చు. చెట్టు బతకాల్సింది ఆ ఎండాకాలపు నీళ్లతోనే.

బకెట్ అంచున తెల్ల పొర కడుతోందంటే, సబ్బు నురగ రావడం లేదంటే నీళ్లలో సున్నం ఎక్కువని. అది పైపులకు, డ్రిప్ రంధ్రాలకు చేటు గానీ మొక్కకు అంత చేటు కాదు. మొక్కను చంపేది సోడియం, క్లోరైడ్. మడి ఆరగానే పైమట్టి పెంకు కట్టి నీళ్లు ఇంకకపోవడం సోడియం గుర్తు. పాత ఆకులు కొస నుంచి, అంచుల నుంచి గోధుమ రంగులో మాడుతూ రావడం క్లోరైడ్ గుర్తు. గట్టి నీళ్లను మెత్తగా చేసే సాఫ్ట్‌నర్ మిషన్ బిగించుకున్న ఇళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ మిషన్ సున్నాన్ని తీసేసి దాని బదులు సోడియాన్ని వదులుతుంది. పెరటికి పైపు ఆ మిషన్‌కు ముందు నుంచే తీయాలి.

ఫ్లోరైడ్ భయంతో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు చాలా ఇళ్లలో ఆర్‌ఓ ఫిల్టర్లు పెట్టుకున్నారు. ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా కావద్దని మొక్కలకు పోయడం చాలాచోట్ల అలవాటు. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం చెడ్డది. సగం నీళ్లు తాగడానికి ఇచ్చి సగం బయటికి వదిలే మిషన్ అయితే, ఆ వదిలిన నీళ్లలో ఉప్పు దాదాపు రెట్టింపవుతుంది. బోరు నీళ్లు 900 ఉంటే అవి 1700 దగ్గర ఉంటాయి. వాటితో నేల తుడవండి, బండి కడగండి. కుండీలకు మాత్రం పోయొద్దు. కుండీలో ఉప్పు కిందికి దిగే దారి తక్కువ కాబట్టి నేల మీద రెండేళ్లలో కనిపించే నష్టం అక్కడ రెండు నెలల్లో కనిపిస్తుంది.

వాన నీళ్లలో ఉప్పు ఉండదు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, పోయింది పోగా 700 లీటర్ల పైనే డ్రమ్ముల్లోకి మళ్లించుకోవచ్చు. మే దాకా నిల్వ ఉంచలేకపోయినా, ఆగస్టు, సెప్టెంబరులో ఈ నీళ్లతో కుండీలను కింది నుంచి ధారగా కారేదాకా రెండుసార్లు తడిపితే ఎండాకాలంలో పేరుకున్న ఉప్పు చాలావరకు కడుక్కుపోతుంది.

ఇక ఎన్ని నీళ్లు కావాలి అన్నది. మే ఎండకు వంద చదరపు అడుగుల కూరగాయల మడి రోజుకు 60 నుంచి 70 లీటర్లు తాగుతుంది. చలికాలంలో అందులో సగం చాలు. నాలుగైదేళ్ల నిమ్మకో జామకో మేలో రోజుకు 25 నుంచి 35 లీటర్లు పడుతుంది. నిలదొక్కుకున్న సీతాఫలం, రేగు చెట్లు ఏమీ పోయకపోయినా చావవు. ఈ లెక్కను బట్టే మొదటి నిర్ణయం. ఎండాకాలంలో ట్యాంకర్ కొనే ఇల్లయితే కూరగాయలను జూన్ నుంచి ఫిబ్రవరి వరకే ఉంచుకుని, మార్చికల్లా మడి ఖాళీ చేసి, ఉన్న నీళ్లు చెట్లకు మళ్లించాలి. ఏడాది పొడవునా మడి పచ్చగా ఉండాలనుకుంటే మే నెలలో రోజుకు కనీసం వంద లీటర్ల మంచి నీళ్లు మిగిలే ఇల్లై ఉండాలి.

చల్క, రేగడి

అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి గంటా రెండు గంటల్లో పోతే చల్క నేల. మరునాటి పొద్దున దాకా నిలిస్తే రేగడి, లేదా కింద గట్టి పొర ఉన్నట్టు.

చల్కలో వేరుకు గాలి బాగా తగులుతుంది, కానీ నీళ్లతో పాటే ఎరువూ కిందికి జారిపోతుంది. అందుకే ఎరువు ఒక్కసారే గుమ్మరించకుండా నెలకోసారి కొంచెం కొంచెంగా వేయాలి. పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులో, వరిగడ్డో, పల్లీ పొట్టో పరచాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక, వనపర్తి, గద్వాల వైపు పల్లీ పొట్టు సులువుగా దొరుకుతాయి. చల్కలో చెదల బెడద ఎక్కువ. సగం మాగిన పెంట వేస్తే చెదలు దాన్ని వెతుక్కుంటూ వచ్చి లేత వేర్లు కూడా తినేస్తాయి. చేత్తో పిండితే పొడిపొడిగా రాలే, వాసన లేని పెంటనే వాడాలి. గుంతకు కిలో వేపపిండి కలిపితే ఇంకా మంచిది. పరిచిన ఆకు కాండానికి ఆనకుండా జానెడు ఎడం ఉంచండి.

రేగడిలో జరిగే పొరపాటు వేరు. పెద్ద గుంత తవ్వి అందులో ఎర్రమట్టి నింపి మొక్క పెడతారు. చుట్టూ ఉన్న రేగడి నీళ్లను వదలదు, గుంత తొట్టిలా నిండి ఉంటుంది, వేరు కుళ్లుతుంది. అక్కడ గుంత బదులు ఒకటిన్నర అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు మట్టి కుప్ప పోసి దాని మీద నాటాలి.

కొత్తగా కట్టిన ఇంటి గోడ పక్కన మూడడుగుల మేర మట్టిలో సిమెంటు, సున్నం కలిసి ఉంటాయి. ఆ మట్టి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. అలా పొంగిన చోట నిమ్మ, బత్తాయి పెడితే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. అది ఇనుము అందని లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే తాత్కాలికంగా తేరుకుంటుంది. ఆ చోటు వదిలి వేరే చోట పెట్టడమే నిజమైన మందు.

ఒక్క చెట్టుకే జాగ ఉంటే

నల్లగొండ అంటేనే బత్తాయి కాబట్టి చాలామంది ముందు దాన్నే అడుగుతారు. 200 గజాల ఇంటి పెరటికి బత్తాయి వద్దనే చెబుతాం. తోటల్లో చెట్టు బాగా పూయాలంటే డిసెంబరు, జనవరిలో నీళ్లు ఆపి బెట్టకు గురిచేయాలి. అంట్లు తోమిన నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు ఏదో ఒక వైపు నుంచి చేరుతూనే ఉండే పెరట్లో ఆ బెట్ట కుదరదు. పూత అరకొరగా, తడవలు తడవలుగా వస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే మొదలుకు బంక తెగులు పట్టి బెరడు పగులుతుంది. ఉప్పు నీళ్లకు తొందరగా లొంగిపోయే చెట్లలో ఇదొకటి. ఇవన్నీ తట్టుకున్నా మొదటి కాయకు నాలుగైదేళ్లు ఆగాలి. అయినా కావాలంటే రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన అంటు తీసుకుని, అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండేలా నాటండి. పాదు చుట్టూ రెండు గట్లు కట్టి, లోపలి గట్టుకూ కాండానికీ మధ్య పొడిగా ఉంచి, రెండు గట్ల మధ్యనే నీళ్లు పోయాలి.

నిమ్మ కూడా అదే కుటుంబం, అదే ఉప్పు భయం. అయినా ఇంటికి బత్తాయి కన్నా నిమ్మ నయం. పూత కొద్ది కొద్దిగా ఏడాదంతా వచ్చినా ఇంటికి లాభమే, వారానికి పది కాయలు చాలు కదా. మూడో నాలుగో ఏట కాపు మొదలవుతుంది. గజ్జి తెగులు, అంటే ఆకుల మీద, కాయల మీద గరుకు మచ్చలు, వానాకాలంలో తప్పకుండా వస్తాయి. దాన్ని కొంత తట్టుకునే బాలాజీ రకం అడిగి తీసుకోండి. మచ్చలున్న రెమ్మలను వానలకు ముందే కత్తిరించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లితే అదుపులో ఉంటుంది. లేత చిగురును తినే పచ్చ పురుగులు, పక్షి రెట్టలా కనిపించే పిల్ల పురుగులు సీతాకోకచిలుకవే. ఒక చెట్టుకు మందు అక్కర్లేదు, చేత్తో ఏరేస్తే సరి. బోరు నీళ్లు వెయ్యి లోపు ఉండి, మేలో 30 లీటర్లు పోయగలిగితే పెరట్లో మొదటి చెట్టుగా మా ఓటు నిమ్మకే.

నీళ్లలో ఉప్పు అంతకన్నా ఎక్కువైతే జామ. చల్కలోనూ రేగడిలోనూ నిలుస్తుంది, ఓ మోస్తరు ఉప్పును ఓర్చుకుంటుంది. ఇక్కడ రకాల ఎంపిక ముఖ్యం. తైవాన్ పింక్ నాటిన ఏడాదికే కాయ చూపిస్తుంది, చెట్టు పొట్టిగా ఉంటుంది, డ్రమ్ములో కూడా కుదురుతుంది. రుచిలో మాత్రం అలహాబాద్ సఫేదా, ఎల్-49 ముందుంటాయి. నేలలో పెట్టేవాళ్లు ఎల్-49 తీసుకోవడం మేలు. జామకు అసలు గొడవ పండు ఈగ. వానాకాలపు కాయను కోస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతుంటాయి. చలికాలపు కాయలో ఈ బెడద చాలా తక్కువ, తీపి కూడా ఎక్కువ. కాబట్టి వానాకాలపు కాపును వదులుకోవడమే తెలివి. ఏప్రిల్, మే పూతను పిందె కట్టకుండా తుంచేసి, మే చివర్లో కొమ్మల కొసలను అడుగు మేర కత్తిరిస్తే కొత్త చిగురుతో పూత వచ్చి నవంబరు నుంచి జనవరి దాకా శుభ్రమైన కాయ తింటారు. కాయ నిమ్మకాయంత అయ్యాక కాగితం కవరు తొడిగితే ఈగకు దారి ఉండదు. మిథైల్ యూజినాల్ ఎరబుట్ట ఒకటి వేలాడదీస్తే మగ ఈగలు అందులో పడతాయి.

నీళ్లు అసలే లేని ఇంటికి సీతాఫలం. పాలమూరు బాలానగర్ పేరు మీదున్న రకమే దేశమంతా ప్రసిద్ధి. రాళ్ల నేలలో కూడా నిలిచే చెట్టు ఇది. ఎండాకాలంలో ఆకంతా రాల్చి నిద్రపోతుంది, తొలకరికి చిగురించి పూస్తుంది, దసరా నాటికి కాయ చేతికొస్తుంది. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండు బిందెలు పోస్తే ఆ తర్వాత అడగదు. పూత విపరీతంగా వచ్చి కాయ నిలవకపోవడం దీని జబ్బు. పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి ఆ తర్వాత రాలుతుంది. రెండూ ఒకే సమయానికి కలవవు. పైగా పొడి గాలికి ఆడభాగం తొందరగా ఎండిపోతుంది. సాయంత్రం పూర్తిగా విచ్చిన పువ్వులు కోసి కాగితం మీద పెట్టి పుప్పొడి రాల్చుకుని, మరునాడు పొద్దున తొమ్మిది లోపు సగం విచ్చిన పువ్వుల్లోకి మెత్తటి బ్రష్‌తో అంటించండి. ఇరవై పువ్వులకు చేస్తే చాలు, కాయ గుండ్రంగా, వంకర లేకుండా వస్తుంది. కాయ కళ్ల మధ్య తెల్లగా చేరే పిండినల్లిని నీటి ధారతో కొట్టి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

ఉప్పు 2000 దగ్గరున్న బోర్లకు రేగు, సపోటా మిగులుతాయి. రేగు మొండిది, ఏటా ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు మోడు కొట్టాలి, లేకపోతే కాయ చిన్నదైపోతుంది. ముళ్లు ఉంటాయి కాబట్టి పిల్లలు తిరిగే దారి పక్కన వద్దు. సపోటా నిదానంగా పెరుగుతుంది, పాతికడుగుల జాగ అడుగుతుంది, కానీ ఒకసారి కుదురుకుంటే ముప్ఫై ఏళ్లు మాట వినే చెట్టు. దానిమ్మ ఉప్పును, బెట్టను బాగానే తట్టుకుంటుంది. కానీ నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువైతే కాయ పగులుతుంది, వానల్లో మచ్చ తెగులు వస్తుంది. రోజూ ఒకే లెక్కన పోయగలిగితేనే పెట్టండి.

తొందరగా కాయ చూడాలనుకుంటే బొప్పాయి, మునగ. బొప్పాయి నాటిన తొమ్మిది పది నెలల్లో పండు ఇస్తుంది. కాండం మొదలు దగ్గర ఒక రోజు నీళ్లు నిలిచినా కుప్పకూలుతుంది కాబట్టి మట్టి కుప్ప మీదే నాటాలి. దేశీ గింజ అయితే ఒక్కో చోట మూడు మొలకలు పెట్టి, పూత వచ్చాక మగవి పీకేయాలి. రెడ్ లేడీ రకంలో మగ చెట్లు రావు, ఒక్కటి నాటినా చాలు. రెండు మూడేళ్ల తర్వాత రింగ్ మచ్చల వైరస్ పడితే బాధపడకుండా తీసేయండి. మునగ పీకేఎం-1 గింజ వేస్తే ఏడాది లోపే కాయ. రెండున్నర అడుగుల ఎత్తులో కొన గిల్లితేనే కొమ్మలు చేతికందుతాయి. వానాకాలంలో బొంత పురుగులు గుంపులుగా కాండం మీద దిగుతాయి, దురద పెడతాయి. కాబట్టి కిటికీకి, మంచం వేసుకునే చోటికి దూరంగా పెట్టాలి.

మామిడి సంగతి ఒక్క మాట. కొల్లాపూర్ బేనిషాన్ ఎంత ఇష్టమైనా దానికి ముప్ఫై అడుగుల జాగ కావాలి. ఇంటి పక్కన చిన్న చోటే ఉంటే ఆమ్రపాలి పెట్టండి. పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది.

కోతులు వచ్చే ఊరైతే ఈ వరస మారిపోతుంది. జామ, సపోటా, దానిమ్మ, సీతాఫలం మీ చేతికి రావు. అక్కడ నిమ్మ, కల్యామాకు, కూరల్లో మిరప, కాకర, పుంటికూర మాత్రమే కొంత మిగులుతాయి. ఉప్పు నీళ్లు, కోతులు రెండూ ఉన్న చోట పండ్ల చెట్టు ఆశ వదిలి, వల కప్పిన చిన్న కూరగాయల మడికే ఖర్చు పెట్టడం మంచిది.

నేల, డాబా

నేల ఉన్నవాళ్లు డాబా జోలికి పోకపోవడమే మంచిది. డాబా మీద మొక్కకు ఎండ పైనుంచీ కిందినుంచీ తగులుతుంది. నల్ల సంచిలో మట్టి మే మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, వేరు ఉడికిపోతుంది. కానీ అద్దె ఇల్లు, చుట్టూ సిమెంటు చేసిన ఇల్లు అయితే వేరే దారి లేదు. అప్పుడు తెల్ల సంచులే కొనండి. ఇటుకల మీద పెట్టి కింద గాలి ఆడనివ్వండి. మార్చి మధ్య నుంచి మిరుగు దాకా 50 శాతం నీడ వల కట్టండి.

అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సంచిలో 22 లీటర్ల మట్టి పడుతుంది, తడిస్తే 25 కిలోలు దాటుతుంది. దీంట్లో ఒక టమాట, ఒక వంగ లేదా రెండు మిరప. అంతకన్నా ఇరికిస్తే ఏదీ కాయదు. బీర, సోర తీగలకు ఒకటిన్నర అడుగుల సంచి కావాలి. నిమ్మ, జామలకు రెండు వందల లీటర్ల డ్రమ్మును సగానికి కోసి వాడాలి. తడిసిన సగం డ్రమ్ము వంద కిలోలకు తక్కువ ఉండదు కాబట్టి స్లాబు నడిమధ్యన కాకుండా పిల్లర్ల మీద, దూలాల మీద పడేలా పెట్టాలి. మట్టి కలపడానికి ఎర్రమట్టి నాలుగు పాళ్లు, మాగిన పెంట మూడు పాళ్లు, కొబ్బరి పొట్టు మూడు పాళ్లు, సంచికి గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టులోనూ ఉప్పు ఉంటుంది, నానబెట్టి రెండుసార్లు నీళ్లు పారబోశాకే కలపాలి. నల్లరేగడిని సంచుల్లో వాడొద్దు, ఆరితే రాయిలా బిగుసుకుని అంచు నుంచి విడిపోతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి, వేరు ఎండుగానే ఉంటుంది.

డాబా టమాటలో కాయ అడుగు భాగం నల్లగా అణిగిపోవడం చాలా ఇళ్లలో చూస్తాం. తెగులనుకుని మందు కొడతారు. అది ఒకరోజు ఎండి ఒకరోజు తడవడం వల్ల కాయకు కాల్షియం అందక వచ్చేది. పొద్దున, సాయంత్రం రెండు విడతలుగా నీళ్లు పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

కూరగాయల్లో ఏవి, ఎప్పుడు

ఉప్పు నీళ్లు తట్టుకునే కూరలు గోకరకాయ, పాలకూర, పుంటికూర, బొబ్బర్లు. తట్టుకోలేనివి బీన్స్, క్యారెట్, ఉల్లిగడ్డ. టమాట, మిరప, వంగ మధ్యలో ఉంటాయి. వెయ్యి దాటిన నీళ్లకు మొదటి వరసలోవే పెట్టుకోండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరైతే ఆకుల్లో అది చేరినంతగా కాయల్లో చేరదు. ఆకుకూరల మడికి వాన నీళ్లో వేరే మంచి నీళ్లో వాడటం మంచిది.

జూన్, జూలైలో బెండ, గోకర, బీర, సోర, కాకర. ఈ సమయంలో టమాట కన్నా బెండే నమ్మకం. గింజను రాత్రి నానబెట్టి అడుగుకో రెండు చొప్పున పెట్టండి. ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు కనిపించిన బెండ మొక్క కోలుకోదు, తెల్లదోమ దాన్ని పక్క మొక్కకు మోస్తుంది. అదే రోజు పీకేయాలి.

తీగల్లో ఎంచుకోవాలంటే ఇంటికి బీర, సోర కన్నా కాకర సులువు. కాకర పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, తేనెటీగలు తిరిగే వేళ అదే. బీర, సోర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. డాబా మీద ఆ వేళకు పురుగులు రాక పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. వాటికి సంధ్యవేళ మగ పువ్వు తెంపి ఆడ పువ్వు మధ్యలో మీరే రుద్దాలి. పిందె ఆకారం కింద ఉన్నది ఆడ పువ్వు, సన్నటి కాడ మీద ఉన్నది మగ పువ్వు. మగ పూతే వస్తోందంటే చాలాసార్లు యూరియా ఎక్కువవడమే కారణం. రెండు నాలుగు ఆకుల దశలో లీటరుకు 3 గ్రాముల బోరాక్స్ చల్లితే ఆడ పూత పెరుగుతుంది. తీగలకు పండు ఈగ ఎర కూడా వేరు. జామకు పెట్టే మిథైల్ యూజినాల్ ఇక్కడ పనిచేయదు, క్యూలూర్ అని అడిగి కొనాలి. బూడిద తెగులు వచ్చిందని గంధకం చల్లొద్దు, తీగజాతి ఆకులు మాడిపోతాయి.

టమాటకు మన దగ్గర సరైన కాలం సెప్టెంబరులో నారు పోసి అక్టోబరులో నాటడం. రెండడుగుల వరసలు, ఒకటిన్నర అడుగు ఎడం. పగలు 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది కాబట్టి ఫిబ్రవరిలో నాటిన టమాట ఆకు పెంచుతుందే గానీ కాయ ఇవ్వదు. ఎండలో తెల్లదోమతో ఆకుముడత వైరస్ కూడా వస్తుంది. మెంతి, కొత్తిమీర, పాలకూర, క్యాబేజీ చలికాలానివే. కొత్తిమీర గింజను చెప్పుతో నలిపి రెండు చేశాకే చల్లాలి.

వంగ, మిరప ఏడాది దాటి నిలుస్తాయి. వంగలో కొన వాడిపోయి వేలాడితే దాని లోపల పురుగు ఉన్నట్టు. అంగుళం కిందికి తుంచి కాల్చేయండి, లేకపోతే అదే కాయలోకి దిగుతుంది. మిరప ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మందులు వేరు. పై ముడతకు నీలి రంగు జిగురు అట్టలు, వేపనూనె మొదటి ప్రయత్నం. కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, మిరపకు ఇది సరిపడుతుంది, తీగల మీద పడనీయొద్దు.

మార్చి నుంచి మే దాకా మడి ఖాళీగా ఉంచలేమంటే బెండ, గోకర, బచ్చలి, తోటకూర. గంగవాయిలి కూర దానంతట అదే మొలుస్తుంది, పీకి పారేయకుండా పప్పులో వేసుకోండి.

గింజ, మొక్క కొనేటప్పుడు

చిక్కుడు, సోర, బీర, పుంటికూర, గోకరకు నాటు గింజలే మంచివి. మళ్లీ గింజ కట్టుకోవచ్చు, ఊళ్లో ఎవరినడిగినా ఇస్తారు. అయితే సోర, బీర పక్కింటి పాదుతో పరపరాగం కలుస్తాయి కాబట్టి గింజకని ఉంచిన కాయకు పువ్వు దశలోనే దారం కట్టి, చేత్తో రుద్ది, కవరు తొడగాలి. టమాటకు హైబ్రిడ్ డబ్బుకు తగ్గ ఫలితం ఇస్తుంది. ఆకుముడత వైరస్‌ను, ఎండు తెగులును తట్టుకునే అర్క రక్షక్ లాంటివి చూడండి. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ మళ్లీ అదే కాయ ఇవ్వదు, ఏటా కొనాలి.

పండ్ల మొక్కకు పాలెం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధనా కేంద్రాలు అందుబాటులో ఉన్నవాళ్లు రకం గురించి ముందు అక్కడ అడగడం మంచిది. నర్సరీలో కొంటే సంచి అడుగు చూడండి. వేర్లు చుట్టలు చుట్టుకుని బయటికొచ్చి ఉంటే ఆ మొక్క చాలాకాలంగా అందులోనే ఉన్నట్టు, నాటినా వేరు విప్పుకోదు. అంటు కట్టిన చోట ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే నాటే ముందే కోసేయండి, లేదంటే కాండాన్ని బిగించి విరిచేస్తుంది. అంటుకు కింది నుంచి వచ్చే చిగుళ్లు వేరు మొక్కవి, కనపడ్డప్పుడల్లా గిల్లేయాలి. కాయతో ఉన్న మొక్క తెచ్చుకుంటే ఆ కాయలు నాటిన రోజే తెంపేయండి. రెండడుగుల గుంత మే నెలలోనే తవ్వి ఎండకు వదిలేసి, రెండు మంచి వానలు పడ్డాక జూన్ చివర్లో, జూలై మొదట్లో సాయంత్రం పూట నాటాలి. పైమట్టి, 20 కిలోల మాగిన పెంట, కిలో సూపర్ ఫాస్ఫేట్, కిలో వేపపిండి కలిపి గుంత నింపి, మొక్క సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉంచండి. పడమటి ఎండ కాండాన్ని కాల్చకుండా మొదటి ఎండాకాలం అటువైపు ఒక కందికంప పాతి నీడ కట్టండి.